చెన్నై రోడ్డుకీ, ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కీ ఒకే కారు: ఏ సస్పెన్షన్ తీసుకోవాలి?

మా బావ పోయిన నెలలో సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాడు. బండి అన్నానగర్ ఇంటికొచ్చిన రెండో రోజే ఫోన్. "బావా, ట్రాక్‌కి పోదాం. ముందు కాయిలోవర్లు వేయించేస్తా. ఏ కంపెనీవి తీసుకోమంటావ్?" కాయిలోవర్లంటే ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ల జత.

ఏడాదికి ఎన్నిసార్లు ట్రాక్‌కి వెళ్తావని అడిగాను. నాలుగుసార్లు అన్నాడు. మరి మిగతా రోజులు? షోళింగనల్లూరులో ఆఫీసు, నెలకోసారి నెల్లూరు, అప్పుడు వెనక సీట్లో మా మేనత్త. ఆమెకి నడుం నొప్పి. కాబట్టి కంపెనీ పేరు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉందన్నాను. ఆ రోజు ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా దగ్గర అదే కారు ఆరేళ్లుగా ఉంది. దాని కింద మూడు రకాల సెటప్‌లు మారాయి. స్నేహితుల కార్లలో ఇంకో రెండు మూడు రకాలు నడిపి చూశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే కారు వాడేవాళ్లు డబ్బు పెట్టాల్సింది షాక్ అబ్జార్బర్ల మీద. కారు ఎత్తు తగ్గించడం మీద కాదు. ఎత్తు తగ్గితే కారు చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అందులో లాభం ఎంతుందో నష్టమూ అంతే ఉంది.

ఎత్తు తగ్గితే ఏమవుతుంది

స్ప్రింగు బరువు మోస్తుంది. గతుకులో పడి నొక్కుకుపోయిన స్ప్రింగు మళ్లీ సాగుతుంది, మళ్లీ నొక్కుకుంటుంది, వదిలేస్తే అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని పట్టి ఆపేది షాక్ అబ్జార్బర్. మలుపు మధ్యలో చిన్న గతుకు వచ్చినా టైరు రోడ్డుని వదలకుండా ఉందంటే అది షాక్ చేసిన పని.

ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఒకే నిలువు కడ్డీలా ఉండే అమరిక), వెనక మల్టీ లింక్ (చక్రాన్ని చాలా కడ్డీలు పట్టుకునే అమరిక). మన రోడ్ల మీద తిరిగే చాలా వేగవంతమైన కార్లకి ముందు భాగం మాక్‌ఫర్సనే. ఈ రకంలో ఒక చిక్కుంది. మలుపులో కారు బాడీ ఒక బిందువు చుట్టూ ఒరుగుతుంది, దాన్ని రోల్ సెంటర్ అంటారు. కారుని 40 మిల్లీమీటర్లు దించితే బాడీ బరువు కేంద్రం కూడా దాదాపు అంతే దిగుతుంది. కానీ చక్రాన్ని కింద పట్టుకునే కడ్డీ, అంటే లోయర్ ఆర్మ్, వాలు మారిపోవడం వల్ల రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే మలుపులో కారుని ఒరగదోసే బలం తగ్గడానికి బదులు పెరగవచ్చు. ఆ పెరిగినదాన్ని అణచడానికి స్ప్రింగుని ఇంకా గట్టిచేయాలి. రేసు కార్లలో దీన్ని సరిచేయడానికి వేరే బాల్ జాయింట్లు వేస్తారు. రోడ్డు కారులో చాలామంది అంతదూరం పోరు.

చెన్నైలో కారుని దించగలిగే హద్దు నా లెక్కన 20 నుంచి 25 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటగలగాలి. అలాంటిది మీ వీధిలో ఉంటే అదృష్టవంతులు. మా వీధిలో ఉన్నది ఎవరో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన దిమ్మ.

ఒక్క పార్టూ కొనకముందు

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్. ఈ మూడూ బాగాలేకపోతే ఎంత ఖరీదైన సస్పెన్షనైనా దండగ. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. సముద్రం పక్కన ఉన్న ఊరు, గాల్లో తేమ ఎప్పుడూ ఉంటుంది. ట్రాక్‌కి వెళ్లే ముందు మార్చేయండి.

తర్వాత బుష్షులు, అంటే సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు. అయిదారేళ్లు దాటిన కారులో లోయర్ ఆర్మ్ వెనక బుష్ పగిలి ఉంటే, బ్రేక్ వేసినప్పుడు చక్రం తన కోణాన్ని తనే మార్చుకుంటుంది. స్టీరింగ్ కొద్దిగా పక్కకి లాగుతుంది. దాన్ని సస్పెన్షన్ మెత్తదనం అనుకుని కాయిలోవర్లు కొన్నవాళ్లని చూశాను. కొత్త కాయిలోవర్లు పడ్డాక కూడా ఆ లాగుడు అలాగే ఉంది.

ఇంకో చిన్న పరీక్ష. షాక్ రాడ్ మీదున్న రబ్బరు తొడుగు పైకి ఎత్తి, మెరిసే రాడ్‌కి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగుతుగా కట్టి, కింద షాక్ మూతికి ఆనించండి. ఒక రోజు నడపండి. రాడ్ ఎంత లోపలికి దిగిందో జిప్ టై అంత పైకి జరిగి ఆగుతుంది. స్టాక్ సస్పెన్షన్‌తో, అంటే కారుతో పాటు కంపెనీ ఇచ్చినదానితో, ట్రాక్‌కి వెళ్లొచ్చాక నా కారు వెనక కుడి వైపు చూస్తే, జిప్ టై బంప్ స్టాప్‌కి (షాక్ చివరిదాకా నొక్కుకోకుండా ఆపే మెత్తటి దిమ్మకి) దాదాపు ఒక వేలి మందం దూరంలో ఆగి ఉంది. ఎడమ వైపు పూర్తిగా ఆనేసింది. ఎందుకంటే మన ట్రాక్ గడియారం ముల్లు తిరిగే దిశలో సాగుతుంది. కుడి మలుపులే ఎక్కువ, బరువంతా ఎడమ చక్రాల మీదికి పోతుంది. ఎడమ ముందు టైరు బయటి అంచు వేలితో తడిమితే గరుకుగా, చిన్న చిన్న ఉండలు కట్టి తగులుతుంది. కుడి టైరు అంచు ఇంకా నున్నగానే ఉంటుంది. ఏం కొనాలో ఈ రెండు గుర్తులే చాలావరకు చెప్పేస్తాయి. టైరు బయటి అంచు అరిగిపోతుంటే నెగిటివ్ క్యాంబర్, అంటే చక్రం పై అంచు లోపలికి వాలి ఉండటం, కావాలి. జిప్ టై బంప్ స్టాప్ దాకా పోతుంటే కారుని ఇంకా దించకూడదు.

లోయరింగ్ స్ప్రింగ్స్ మాత్రమే

అన్నిటికంటే చవక, అందరూ మొదట వేసేది ఇదే. నేనూ వేశాను. పాత షాక్స్ అలాగే ఉంచి, 35 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు. మొదటి నెల బాగుంది. కారు నేలకి అతుక్కున్నట్టు కనిపించేది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద లేన్ మారితే బాడీ తక్కువ ఒరిగేది.

14 నెలలయ్యాక, ముందు భాగంలో కుడి షాక్ మీద నూనె తడి కనబడింది. విప్పి చూస్తే బంప్ స్టాప్ మూడు ముక్కలైంది. చేతిలోకి తీసుకుంటే రొట్టెలా పొడి రాలిపోయింది. కారణం తేలికే. కంపెనీ షాక్‌లోని వాల్వులు మెత్తటి స్ప్రింగుకి సరిపోయేలా చేసినవి. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే బలాన్ని అవి ఆపలేవు. పైగా షాక్ లోపలికి దిగే దూరం 35 మిల్లీమీటర్లు తగ్గిపోయింది కాబట్టి ప్రతి గుంతలోనూ బంప్ స్టాప్ దెబ్బ తింది. మలుపు మధ్యలో బంప్ స్టాప్ తగిలితే ఆ చక్రం దగ్గర స్ప్రింగు ఒక్కసారిగా రాయిలా మారుతుంది. ముందు వైపు తగిలితే కారు మలుపు దాటి బయటికి జారుతుంది, వెనక తగిలితే తోక విసురుతుంది. చూడ్డానికి మాత్రమే కావాలనుకుంటే, 20 మిల్లీమీటర్లలోపు దించేవి, ఐబాక్ లాంటి మంచి కంపెనీవి వేయించుకోండి. ట్రాక్ ఆలోచన ఉంటే ఈ దారి వద్దు.

స్టాక్ స్ప్రింగు, మంచి షాక్

దీన్ని ఎవరూ పట్టించుకోరు. కారు ఎత్తు మారదు, ఫొటోలో తేడా కనబడదు. నాకు మాత్రం చెన్నైలో అన్నిటికంటే ఎక్కువమందికి సరిపోయేది ఇదే అనిపిస్తుంది.

బిల్‌స్టీన్ బీ6 అలాంటిది. స్టాక్ ఎత్తుకి చేసిన మోనోట్యూబ్ షాక్. మామూలు ట్విన్ ట్యూబ్ షాక్‌లో గొట్టం లోపల గొట్టం ఉంటుంది. నూనె, గ్యాసు ఒకే చోట ఉంటాయి కాబట్టి గట్టిగా వాడితే నూనె నురగ కట్టి, షాక్ పట్టు వదిలేస్తుంది. మోనోట్యూబ్‌లో ఒక కదిలే పిస్టన్ గ్యాసుని, నూనెని వేరు చేస్తుంది. ఒకే గొట్టం కాబట్టి నూనె వేడి నేరుగా గాలికి పోతుంది. 20 నిమిషాల సెషన్‌లో చివరి ల్యాపులకి కూడా షాక్ మొదటి ల్యాపులో లాగే ఉండాలంటే ఈ తేడా కావాలి. ఏప్రిల్ ఎండలో ఇరుంగాట్టుకోట్టైలో మధ్యాహ్నం సెషన్ నడిపినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

బీ6 వేశాక చిన్న చిన్న గతుకులు స్టాక్ కంటే కాస్త ఎక్కువ తెలుస్తాయి. పెద్ద గుంతలో మాత్రం ఒక్క దెబ్బతో అయిపోతుంది, రెండో ఊపు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లు తరచూ ఎక్కుతారనుకుంటే కోనీ స్పెషల్ యాక్టివ్ చూడండి. సన్న గతుకుల వేగపు కదలికకి మెత్తగా, బాడీ నెమ్మదిగా ఒరిగేటప్పుడు గట్టిగా ఉండేలా దాని వాల్వు తనంతట తాను సర్దుకుంటుంది. ట్రాక్‌లో బీ6 అంత బిగువు ఉండదు, ఇంట్లో గొడవా ఉండదు.

జత కలిపిన కిట్

కొద్దిగా దించాలి, షాక్స్ కూడా మారాలి అనుకునేవాళ్లకి. బిల్‌స్టీన్ బీ12 అంటే పొట్టి చేసిన బీ8 షాక్స్, ఐబాక్ స్ప్రింగులు కలిపి వచ్చేది. ఇందులో మంచి విషయం, షాక్, స్ప్రింగు ఒకదానికొకటి సరిపోతాయా అనే తలనొప్పి వాళ్లే తీర్చేశారు. సర్దుబాట్లు ఏమీ ఉండవు. నాకు అది లోటుగా అనిపించదు. మెడ్రాస్ బెంగళూరు హైవే మీద ఉదయం నాలుగున్నరకి ట్రాక్‌కి బయలుదేరినప్పుడు, కారు కింద పడుకుని నాబ్‌లు తిప్పాలన్న కోరిక ఎవరికీ ఉండదు. ఇప్పుడు నా కారులో ఉన్నది ఇదే.

కాయిలోవర్లు

బావ అడిగింది వీటినే కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

కాయిలోవర్ అనే మాటలోనే అయోమయం ఉంది. మర ఉన్న గొట్టం, దాని మీద తిరిగే కాలర్ ఉంటే చాలు, అన్నిటినీ అదే పేరుతో అమ్ముతారు. కేడబ్ల్యూ వేరియంట్ 1లో ఎత్తు మాత్రమే మారుతుంది. వేరియంట్ 2లో స్ప్రింగు సాగేటప్పటి పట్టు, అంటే రీబౌండ్, మార్చుకోవచ్చు. వేరియంట్ 3లో రీబౌండ్, కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి పట్టు) రెండూ విడివిడిగా మారతాయి. బిల్‌స్టీన్ బీ14 ఎత్తుకి మాత్రమే. బీ16కి ఒకే నాబ్, పది మెట్లు, రెండూ కలిసి మారతాయి. ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్ ఈ వరుసలో అన్నిటికంటే పైన పెట్టేది. ఇక 30 మెట్ల నాబ్‌తో చవకగా వచ్చే రకాలు ఉన్నాయి. నాబ్‌కి 30 క్లిక్కులు ఉన్నాయంటే 30 రకాల పనితనం ఉన్నట్టు కాదు. కొన్నిటిలో మొదటి అయిదారు క్లిక్కుల్లోనే తేడా అంతా అయిపోతుంది.

స్ప్రింగు గట్టిదనం దగ్గర లెక్క ఒకటి తెలుసుకుంటే మోసపోం. ముందు ఒక్కో మూల స్ప్రింగు మోసే బరువు సుమారు 400 కిలోలు అనుకుందాం. చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకి 30 న్యూటన్లయితే బాడీ సెకనుకి దాదాపు 1.4 సార్లు ఊగుతుంది. దాన్ని 60 చేస్తే 2.8 కాదు, వర్గమూలం ప్రకారం 1.95 దగ్గర ఆగుతుంది. రోజువారీ స్పోర్ట్స్ కారుకి ఒకటిన్నర దగ్గర హాయి. రెండు దాటితే పాత మహాబలిపురం రోడ్డులో మెట్రో పనుల పక్కన పోతుంటే కళ్ల ముందు స్పీడోమీటర్ అంకెలు వణుకుతాయి. కేజీలలో రాసి అమ్మేవాళ్లు ఉంటారు. 8 కేజీ అంటే మిల్లీమీటరుకి సుమారు 78 న్యూటన్లు. ముందు స్ట్రట్‌లో అది దాదాపు అలాగే చక్రానికి చేరుతుంది. వెనక మల్టీ లింక్‌లో స్ప్రింగు లోపలికి కూర్చుంటుంది కాబట్టి చక్రం దగ్గరికి వచ్చేసరికి సగమో అంతకంటే తక్కువో అవుతుంది. ముందు వెనక అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

రీబౌండ్ నాబ్ ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటే. ట్రాక్ అనగానే పూర్తిగా బిగించేస్తారు. టోల్ ప్లాజా ముందు వరసగా వేసే ఆ ఉబ్బెత్తు గీతలు గుర్తు తెచ్చుకోండి. మొదటి గీత మీద స్ప్రింగు నొక్కుకుంటుంది. రీబౌండ్ మరీ బిగుతుగా ఉంటే అది పూర్తిగా సాగకముందే రెండో గీత వస్తుంది, తర్వాత మూడోది. అలా ఒక్కో గీతకి కారు కొంచెం కొంచెం దిగిపోయి చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. ట్రాక్ అంచుల్లో ఉబ్బెత్తుగా ఉండే కెర్బుల మీదా ఇదే జరుగుతుంది. మెత్తటి చివర నుంచి మొదలుపెట్టి రెండేసి క్లిక్కులు బిగిస్తూ, ఎక్కడ కారు తేలడం ఆగిందో అక్కడే ఆగండి.

చెన్నైకి ఇంకో సంగతి. సముద్రం పక్కన బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఉండేవాళ్ల కార్లలో మర కాలర్లు రెండేళ్లకి తుప్పు పట్టి కదలకుండా అయిపోవడం చూశాను. కేడబ్ల్యూ స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు వాడుతుంది, ఇక్కడ దానికి విలువ ఉంది. నవంబరు, డిసెంబరు వానల్లో నీళ్లలోంచి వచ్చాక మర భాగం కడిగి, తుడవండి. చవక కాయిలోవర్లు కొనాలని ఉంటే, వాటి షాక్ పాడైతే సర్వీసు చేసేవాళ్లు మన దగ్గర ఎవరని ముందు అడగండి. జవాబు లేకపోతే ఆ డబ్బుతో బీ6 తీసుకోండి. మంచి కాయిలోవర్లకి దిగుమతి సుంకంతో కలిపి లక్షల్లో అవుతుంది. ఏడాదికి పది, పన్నెండు ట్రాక్ డేలు చేసేవాళ్లకి, కార్నర్ వెయిట్లు (ఒక్కో చక్రం మీద పడే బరువు) సెట్ చేయించుకునే ఓపిక ఉన్నవాళ్లకి అది సరైన ఖర్చు.

ఎయిర్ సస్పెన్షన్ ట్రాక్‌కి వద్దు. అడాప్టివ్ షాక్స్‌తో (ఎలక్ట్రానిక్‌గా గట్టిదనం మారేవి) వచ్చిన కారైతే, ఆ వైరింగుకి సరిపోయే రకమే తీసుకోండి, లేకపోతే డాష్‌బోర్డులో వార్నింగ్ లైటు పోదు.

తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా

ముందు చక్రాలతో నడిచే కారుకి వెనక యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా రెండు వైపుల చక్రాలనీ కలిపే కడ్డీ) లావుది వేస్తే, మలుపులో ముక్కు బయటికి పోవడం బాగా తగ్గుతుంది. నేరుగా పోయేటప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కితే దాని ప్రభావం ఉండదు. ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే తల కొంచెం పక్కకి ఊగుతుంది, అంతే. దానికి తోడు ముందు క్యాంబర్. స్టాక్‌లో అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా నెగిటివ్ ఉంటుంది. పైన క్యాంబర్ ప్లేట్ వేసి ఒకటిన్నర, రెండు చేస్తే ట్రాక్‌లో టైరు మొత్తం పనిచేస్తుంది. రోడ్డు మీద టైరు లోపలి అంచు తినేస్తుందని భయపడతారు. నిజంగా టైరు తినేది ఎక్కువగా తప్పుగా ఉన్న టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. టో సున్నా దగ్గర పెట్టించండి.

బిగించేటప్పుడు

చెన్నై పాడి ప్రాంతంలో నా కారు చూసే మెకానిక్‌ది చిత్తూరు. కొత్త షాక్స్ వేసిన రోజు కారు లిఫ్ట్ మీదుండగానే అన్ని బోల్టులూ పెట్టి, లోయర్ ఆర్మ్ బోల్టు మాత్రం వదిలేశాడు. మర్చిపోయాడేమో అనుకున్నాను. "ఇప్పుడే బిగిస్తే బుష్ మెలితిరిగి ఉండిపోతుంది సార్, ఆర్నెల్లకే చిరిగిపోతుంది. బండి నేల మీద కూర్చున్నప్పుడు ఆర్మ్ ఎక్కడుంటుందో అక్కడ పెట్టి బిగించాలి" అని, ఆర్మ్ కింద జాకీ పెట్టి బరువు తీసుకొచ్చాక టార్క్ రెంచ్ పట్టాడు. రెంచ్ టక్కుమన్న చోటల్లా పసుపు పెయింటుతో గీత పెట్టాడు. మీ మెకానిక్ ఇలా చేస్తాడో లేదో ముందే అడగండి. 500 కిలోమీటర్లకి స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు బోల్టులు మళ్లీ చూపించి, వీల్ అలైన్‌మెంట్ ఆ తర్వాతే చేయించండి.

కాగితాల విషయం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి విరుద్ధంగా కారుని మార్చకూడదు. మార్పులు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. మామూలు కారు పాలసీ రేసింగుకీ, స్పీడ్ టెస్టింగుకీ వర్తించదు. ట్రాక్‌లో జరిగిన నష్టం మీ జేబులోంచే.

ట్రాక్ సంగతి, బావ సంగతి

మెడ్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. అది రాకముందు రేసులు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్‌లో జరిగేవి. నెల్లూరు దారిలో రెడ్‌హిల్స్ దాటాక ఆ ఊరు వచ్చినప్పుడల్లా మా మామయ్య చిన్నప్పుడు చూసిన రేసుల గురించి చెప్పేవాడు. బావకి ఈ పిచ్చి అక్కణ్నుంచే వచ్చింది.

అతనికి చెప్పిన వరస ఇది. ముందు టైర్లు, ప్యాడ్లు, ఫ్లూయిడ్, పగిలిన బుష్షులు. తర్వాత వెనక బార్, ముందు క్యాంబర్. షాక్స్ స్టాక్‌వే ఉంచి ఒక ట్రాక్ డే. దాని తర్వాత బీ6. ఎత్తు తగ్గించాలన్న కోరిక అప్పటికీ పోకపోతే బీ12. కాయిలోవర్ల సంగతి, ట్రాక్‌కి వెళ్లడం ఏడాదికి నాలుగు నుంచి పది అయినప్పుడు మాట్లాడదాం అన్నాను. మొదట మొహం ముడుచుకున్నాడు. లోయర్ ఆర్మ్ బుష్ మార్చి ఈసీఆర్‌లో ఒక రౌండు వేశాక, బ్రేక్ వేస్తే స్టీరింగ్ లాగడం ఆగిపోయిందని తనే ఫోన్ చేశాడు.

వానలు తగ్గాక జనవరిలో ట్రాక్ బుక్ చేశాం. నాలుగు చక్రాల దగ్గరా జిప్ టైలు కట్టి పెట్టాను. ఆ రోజు సాయంత్రం అవి ఎక్కడ ఆగాయో చూసి షాక్స్ ఆర్డర్ పెడతాం.